చిన్న ఆపరేషనే కదా!

"చిన్న ఆపరేషనే కదా మేడమ్, రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

పోయిన మే నెలలో ఈ మాట నేను రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. డాక్టరు, ఆయన జూనియర్, సిస్టరు, బిల్లింగ్ కౌంటర్‌లో అబ్బాయి, మా ప్రిన్సిపాల్, మా ఆడపడుచు, ఎదురు ఫ్లాట్ ఆవిడ... అందరూ అన్నారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఇంకొంచెం ముందుకెళ్ళి, "మీ ఊరి పేరులోనే గుండ్లున్నాయి, కడుపులో రాళ్ళుండవా మేడమ్" అని జోకు కూడా వేశాడు. ధైర్యం చెప్పడానికే అన్నారని నాకు తెలుసు. నేనూ నవ్వాను. కానీ మంచం మీద పడుకుని ఆలోచిస్తున్నకొద్దీ ఆ "చిన్న" అనే మాట రాయికంటే ఎక్కువగా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరి కొలతతో చిన్న? దేనితో పోలిస్తే చిన్న? చిన్నదే అయితే, దానికి నా సంతకం ఒక్కటీ ఎందుకు సరిపోలేదు?

ఈ వ్యాసం నా అనారోగ్యం గురించి సానుభూతి కోసం రాయడం లేదు. రాయి పోయింది, నేను బాగున్నాను. ఆ రాయి చుట్టూ జరిగిన వ్యవహారంలో వైద్యుల తప్పుతో పాటు మన తప్పు కూడా కొంత కనిపించింది. మనం అంటే స్త్రీల శరీరం గురించి ఇరవై ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్న మనం. అది చెప్పడానికే రాస్తున్నాను.

నేనుండేది గుండ్లపోచంపల్లిలో. 2018లో మున్సిపాలిటీ అయ్యేదాకా గ్రామపంచాయతీ. ఒకవైపు అపారెల్ పార్కు, ఒకవైపు ఇంజనీరింగ్ కాలేజీలు, మధ్యలో ఏడాదికో వరుస చొప్పున లేస్తున్న అపార్ట్‌మెంట్లు. శామీర్‌పేట వైపు వెళితే జినోమ్ వ్యాలీ. కరోనా టీకా తయారై దేశమంతా వెళ్ళింది అక్కడినుంచే. ఇంత విజ్ఞానం చుట్టూ పెట్టుకుని, నా ఎడమ డొక్కలో నొప్పికి పేరు పెట్టడానికి ఆరు వారాలు పట్టింది.

మొదటిసారి నొప్పి వచ్చింది ఏప్రిల్‌లో, తెల్లవారుజామున మూడింటికి. వెనక నడుము పక్కన మొదలై డొక్క మీదుగా కిందకి గజ్జల్లోకి జారే నొప్పి. కూర్చోలేను, పడుకోలేను, నిలబడలేను. రెండు కాన్పులు అయినదాన్ని కనుక నొప్పి అంటే ఏమిటో తెలుసనుకునేదాన్ని. ఇది దాన్ని మించింది. కాన్పు నొప్పికి విరామం ఉంటుంది, చివర ఒక బిడ్డ ఉంటుంది. దీనికి రెండూ లేవు. తెల్లారి దగ్గర్లోని క్లినిక్‌కి వెళితే గ్యాస్ అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దే రోజులు కనుక టెన్షన్ అని కూడా అన్నారు. గ్యాస్‌కి ఒక మాత్ర, టెన్షన్‌కి ఒక మాత్ర రాశారు. రెండోసారి వచ్చినప్పుడు మరో ఆసుపత్రిలో మొట్టమొదటి ప్రశ్న, "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?" రెండో ప్రశ్న, "పిల్లలెంతమంది?" మూడో ప్రశ్న, "ఆపరేషన్ అయిందా?" ఆపరేషన్ అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. మన దగ్గర ఆడవాళ్ళకి ఆ మాట విడిగా చెప్పనక్కరలేదు. తర్వాత గర్భసంచి స్కాన్. అందులో చిన్న ఫైబ్రాయిడ్ కనిపించింది. నా వయసు 46. ఇంకేముంది, దొంగ దొరికాడు. "అదే అయుంటుంది, ఈ వయసులో మామూలే, చూద్దాం, తగ్గకపోతే తీసేద్దాం."

కడుపునొప్పితో వచ్చిన స్త్రీని నెలసరి గురించి అడగడం తప్పని నేననను. గర్భం గొట్టంలో నిలిచి ప్రాణం మీదికి వచ్చిన కేసులుంటాయి, ఆ ప్రశ్న అడగకపోతే అదే నేరం. నా ఫిర్యాదు, ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవడం గురించి. నడుం పక్కన, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి "ఇక్కడ" అని నేను చూపిస్తూనే ఉన్నాను. డాక్టరు చూపు మాత్రం నా చేతిని దాటి పొత్తికడుపు మీదే ఉంది. నా ఒంట్లో కిడ్నీలు కూడా ఉంటాయన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. మూడోసారి వాంతులు, మూత్రంలో రక్తం కూడా కనబడితే తప్ప సి.టి. స్కాన్ దాకా వ్యవహారం రాలేదు. ఎడమ మూత్రనాళం పైభాగంలో 9 మిల్లీమీటర్ల రాయి. దాని వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బి ఉంది.

ఇది నా ఒక్కదాని దురదృష్టం అనుకుంటే ఇంత చెప్పేదాన్ని కాదు. 2001లో అమెరికాలో డయాన్ హాఫ్‌మన్, అనితా టార్జియన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందు పెట్టుకుని, స్త్రీలు చెప్పే నొప్పిని వైద్యులు మానసికమైనదిగా తీసుకునే అవకాశం ఎక్కువ అని చూపించారు. 2008లో అక్కడి ఒక నగర ఆసుపత్రి అత్యవసర విభాగంలో చేసిన అధ్యయనం వచ్చింది. తీవ్రమైన కడుపునొప్పితో వచ్చినవాళ్ళకి నొప్పిమందు అందడానికి మగవాళ్ళ విషయంలో మధ్యగతంగా 49 నిమిషాలు పడితే ఆడవాళ్ళకి 65 నిమిషాలు పట్టింది. ఇద్దరూ చెప్పిన నొప్పి తీవ్రత మాత్రం ఇంచుమించు ఒకటే. ఆ పదహారు నిమిషాలు నాకిప్పుడు ఒంటితో అర్థమవుతున్నాయి. మన దగ్గర నిమిషాలు లెక్కపెట్టే పని ఎవరైనా మొదలుపెడితే ఆరు వారాల కథలు ఎన్ని బయటపడతాయో!

ఇక ఆ "చిన్న" ఆపరేషన్ గురించి. కడుపు కోయరు, కుట్లుండవు. నడుం కిందికి మత్తు ఇచ్చి, మూత్రమార్గం గుండా సన్నని గొట్టం లాంటి పరికరాన్ని మూత్రాశయంలోకి, అక్కడినుంచి మూత్రనాళంలోకి పంపి, లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా రెండు కొసలూ వంపు తిరిగిన ఒక మెత్తని గొట్టాన్ని లోపల వదిలేస్తారు. దాన్నే డీజే స్టెంట్ అంటారు. ఒకటి రెండు వారాల తర్వాత మళ్ళీ అదే దారిలో వెళ్ళి దాన్ని తీసేస్తారు. "ఆడవాళ్ళకి ఇది చాలా తేలిక మేడమ్" అన్నాడు జూనియర్ డాక్టర్. స్త్రీల మూత్రమార్గం పొడవు నాలుగు సెంటీమీటర్లే కనుక పరికరం పంపడం తేలికన్న మాట నిజమే. కానీ తేలిక పంపేవాళ్ళకి. కాళ్ళు ఎత్తి కట్టి, లైట్ల కింద, నడుం కింద స్పర్శ లేకుండా, తెలివితో పడుకున్న మనిషికి ఏది తేలికో ఎవరూ అడగలేదు. కాన్పులకి అలవాటైన శరీరం కదా, సిగ్గూ భయమూ ఎప్పుడో అయిపోయి ఉంటాయని అందరి నమ్మకం.

అసలు సంగతి దానికి ముందే జరిగింది. ఆపరేషన్ పదకొండింటికి అన్నారు. నేను పేపర్లన్నీ చదివి సంతకం పెట్టాను. సిస్టర్ వాటిని అటూ ఇటూ తిప్పి, "సార్ ఎక్కడ?" అంది. నా సహచరుడు ఖమ్మంలో ఉన్నాడు, సాయంత్రానికి వస్తాడని చెప్పాను. "అయితే సార్ వచ్చాక పెడదాం." నా సంతకం ఉంది కదా అన్నాను. "మీది కాదు మేడమ్, హస్బెండ్‌ది కావాలి. లేకపోతే బాబుది." బాబు అంటే మా అబ్బాయి. పంతొమ్మిదేళ్ళవాడు, నిన్నటిదాకా వాడి కాలేజీ ఫారాల మీద నేను సంతకాలు పెట్టాను. పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. ఆమె సంతకం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. నొప్పి ఇంజెక్షన్ ప్రభావం తగ్గుతూ ఉండగా, సాయంత్రం ఆరున్నరకి ఆయన బస్సు దిగి వచ్చేదాకా, ఉబ్బిన కిడ్నీతో, ఖాళీ కడుపుతో మంచం మీద ఉన్నాను.

సుశ్రుత సంహితలో రాళ్ళ జబ్బుకి, అంటే అశ్మరికి, శస్త్రచికిత్స చెప్పారు. మన పూర్వీకుల ఘనత కింద తరచూ చెప్పుకునే అధ్యాయమే అది. అందులో ఒక మాట ఉంది. చికిత్స చేయకపోతే చావు ఖాయం, చేసినా ఫలితం అనుమానం, కనుక ముందుగా ఈశ్వరుణ్ణి అడిగి చేయాలి అని. ఈశ్వరుడంటే ఇక్కడ రాజు, అధికారం ఉన్నవాడు. వైద్యుడి మీదకి మాట రాకుండా ఉండటానికి పెట్టిన షరతు. రాజులు పోయారు, రాజ్యాంగం వచ్చింది, కత్తి పోయి లేజర్ వచ్చింది. ఈశ్వరుణ్ణి అడగడం మాత్రం పోలేదు. నా విషయంలో ఆ ఈశ్వరుడు ఖమ్మం బస్సులో ఉన్నాడు, ఫోనులో "ఆవిడ సంతకం సరిపోదా అండీ?" అని అడుగుతూ ఉన్నాడు. ఆయన మాటైనా విన్నారా అంటే అదీ లేదు. సంతకం కావాలంతే.

చట్టం ఏమంటోంది? మానసికంగా సరిగా ఉన్న, మేజరైన మనిషికి చేసే చికిత్సకి ఆ మనిషి సమ్మతే సమ్మతి. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విప్పి చెప్పింది. 1995లో నలభై నాలుగేళ్ళ అవివాహిత ఒకామె నెలసరి సమస్యతో లాప్రోస్కోపీ పరీక్షకి ఒప్పుకుని వెళ్ళింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన అవసరం లేనప్పుడు, కాసేపట్లో మెలకువ వచ్చే మనిషి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. ఫీజు వదులుకోమంది, 25,000 రూపాయలు పరిహారం ఇమ్మంది. ఆ మొత్తం చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు గాని, సూత్రం మాత్రం స్పష్టంగా ఉంది. గర్భస్రావం విషయంలో 1971 చట్టం కూడా మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే అడుగుతుంది. ఆమె భర్త సంతకం అడగదు. 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన తీర్పులో, చట్టంలో లేని ఇలాంటి షరతులు డాక్టర్లు పెట్టకూడదని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అన్నిసార్లు చెప్పాల్సి వస్తోందంటే ఎవరూ వినడం లేదనే కదా?

ఆసుపత్రివాళ్ళ వాదన నాకు తెలుసు. తేడా వస్తే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారు, డాక్టర్లని కొడతారు, బిల్లు కట్టరు. అందుకని ఇంట్లోవాళ్ళ సంతకం తీసుకుంటారు, మగవాళ్ళకీ తీసుకుంటారు. నిజమే, తీసుకుంటారు. మూడేళ్ళ కిందట నా సహచరుడికి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు నేనే అటెండెంట్‌గా పెట్టాను. కానీ నేను సంతకం పెట్టింది ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక. కాంటీన్ నుంచి వచ్చి పెట్టాను. నా కోసం ఏదీ ఆగలేదు. నా సంతకం సాక్షి సంతకం, ఆయనది అనుమతి సంతకం. ఒకే కాగితం మీద ఒకే గీత దగ్గర ఇద్దరం పెట్టిన సంతకాలకి ఇంత తేడా! భర్త లేనివాళ్ళు, విడిపోయినవాళ్ళు, పెళ్ళి చేసుకోనివాళ్ళు ఏం చేస్తున్నారు? ఎవరో ఒక అన్నదమ్ముణ్ణి, కొలీగ్‌ని బతిమాలుకుని తెచ్చుకుంటున్నారు. బతిమాలడం కూడా చికిత్సలో భాగమైపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం పక్క మంచం మీద ఒకామె ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు. రెండు కిడ్నీల్లోనూ రాళ్ళు. పదిహేనేళ్ళుగా కుట్టు మిషను మీద పని, మా ఊళ్ళో కాదు, నగరానికి మరో కొసన. నాలుగేళ్ళ కిందట ఇదే డొక్కలో నొప్పికి ఆమె గర్భసంచి తీసేశారు. "సంచి తీస్తే నొప్పి పోతదన్నరు అక్కా. తీసిండ్రు. నొప్పి పోలే" అంది, ఎవరి మీదా కోపం లేకుండా. అప్పటి నొప్పికీ ఇప్పటి రాళ్ళకీ సంబంధం ఉందో లేదో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ అప్పుడు ఆమె కిడ్నీల వంక ఎవరూ చూడలేదు. నాకు ఫైబ్రాయిడ్ పేరుతో "తీసేద్దాం" అన్న మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. రెండో అభిప్రాయానికి వెళ్ళడానికి నాకు జీతం ఉంది, సెలవుంది, చదువుంది. ఆమెకి లేవు. మా ఇద్దరి మధ్య ఉన్న తేడా ఒక గర్భసంచి.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశ సగటుకి రెట్టింపు కంటే ఎక్కువ. వాళ్ళలో అవసరమై తీయించుకున్నవాళ్ళు ఉంటారు. అందరూ వాళ్ళేనని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? అది కూడా "చిన్న ఆపరేషనే", "పిల్లలు పుట్టాక దాంతో పనేముంది" అనే మాటలతోనే జరిగింది కదా.

డాక్టర్ నాకూ ఆమెకీ ఒకే సలహా ఇచ్చారు. నీళ్ళు బాగా తాగాలి, రోజుకి కనీసం రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. శాస్త్రీయంగా అది సరైన సలహా. మూత్రం చిక్కబడితే అందులోని కాల్షియం, ఆక్సలేట్ లాంటివి స్ఫటికాలై రాయిగా పేరుకుంటాయి. ఎక్కువ రాళ్ళు కాల్షియం ఆక్సలేట్‌వే. మన ఎండలకి, చెమటకి తగినన్ని నీళ్ళు తాగకపోతే రాళ్ళకి దారి వేసినట్టే. మా అత్తమ్మ చెప్పే కొండపిండి ఆకు, ఉలవకట్టు, అరటిదూట రసం అన్నిట్లోనూ అడుగున ఉన్న సూత్రం అదే కావచ్చు, ఒంట్లోకి నీళ్ళు పోనివ్వడం.

సలహా విని ఆమె నవ్వింది. "నీళ్ళు తాగితే పోవాల్నాయె. పోతే పీసులు తగ్గుతయి. పీసులు తగ్గితే సూపర్‌వైజర్ అందరి ముందట అడుగుతడు, ఎన్నిసార్లు పోతవ్ అని. అందుకే పొద్దున తాగి వచ్చుడే, మళ్ళ ఇంటికి పోయినంకనే."

నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే నా సంగతీ అంతే. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నేను పనిచేసిన కాలేజీల్లో ఒకదాంట్లో మూడంతస్తులకి కలిపి ఆడ లెక్చరర్లకి ఒక బాత్రూం. దాని తాళంచెవి అటెండర్ దగ్గర. ఆ అటెండర్ మగవాడు. క్లాసు మధ్యలో తాళంచెవి అడగడం కంటే దాహాన్ని ఓర్చుకోవడం తేలిక. ఊళ్ళకి వాల్యుయేషన్ డ్యూటీలకి వెళ్ళేటప్పుడు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించేదాన్ని. అది నా క్రమశిక్షణ అనుకున్నాను. గర్వపడ్డాను కూడా. ఆ గర్వమే 9 మిల్లీమీటర్ల రాయి అయింది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ తాగునీటి గురించి, 19వ సెక్షన్ మరుగుదొడ్ల గురించి చెప్పింది. కార్మికులు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ, అన్ని వేళలా మరుగుదొడ్డి అందుబాటులో ఉండాలని అందులో ఉంది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ నీళ్ళు, మరుగుదొడ్ల బాధ్యత యజమానిదే. పాత చట్టం తాగే నీళ్ళని మూత్రశాలకి కనీసం ఆరు మీటర్ల దూరంలో పెట్టమంది. మన స్త్రీలు ఆ రెంటినీ పది గంటల దూరంలో పెట్టుకుని బతుకుతున్నారు. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పెణ్‌కూట్ పేరుతో, విజి నాయకత్వంలో మొదట పోరాడింది మరుగుదొడ్డి కోసమే. తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. ఆ పోరాటం తర్వాతే 2018లో కేరళ, 2021లో తమిళనాడు కూర్చునే హక్కుని చట్టంలో చేర్చాయి. నీళ్ళు తాగమని చీటీ మీద రాసిచ్చే ముందు ఏ డాక్టరైనా "మీ పనిచోట బాత్రూం ఉందా?" అని అడిగితే ఆ ఒక్క ప్రశ్నే సగం చికిత్స అవుతుంది. అడగకపోతే ఆ సలహా రోగి మీద మోపిన నేరం అవుతుంది. మళ్ళీ రాయి వస్తే, "చెప్పాం కదా, నీళ్ళు తాగలేదు!"

ఇంటికి వచ్చాక "చిన్న" ఆపరేషన్ రెండో అంకం మొదలైంది. స్టెంట్ లోపల ఉన్నన్నాళ్ళూ అరగంటకోసారి మూత్రానికి వెళ్ళాలనిపిస్తుంది, వెళితే నడుం లాగేస్తుంది, వంగితే గుచ్చుతుంది, కాస్త ఎక్కువ తిరిగితే రక్తం కనిపిస్తుంది. కానీ బయటికి కుట్టు లేదు, కట్టు లేదు. గాయం కనపడని ఆడమనిషి ఇంట్లో తిరుగుతుంటే ఆమె రోగి అని ఎవరికి గుర్తుంటుంది? మూడో రోజుకి కుక్కర్ నా చేతికి వచ్చింది. ఎవరూ వండమనలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. "నువ్వు రెస్ట్ తీసుకో" అని నా సహచరుడు అన్నాడు, నిజంగానే అన్నాడు. అని, "కందిపప్పు ఎక్కడుంది?" అని అడిగాడు. "పోపులో ఏది ముందు?" అని అడిగాడు. ప్రతి ప్రశ్నకీ పడుకుని జవాబు చెప్పడం కంటే లేచి చేసుకోవడమే తేలికనిపించింది. నా కళ్ళముందే నేను లొంగిపోయాను. హెర్నియా తర్వాత ఆయన పదిహేను రోజులు మంచం దిగలేదు. అప్పుడు కందిపప్పు ఎక్కడుందో నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను.

ఆ రెండు వారాలూ పడుకుని, రాయి గురించి సాహిత్యంలో ఎవరేం రాశారా అని వెతికాను. మగవాళ్ళు బోలెడు రాశారు. పదహారో శతాబ్దంలో మాంటేన్ తన మూత్రపిండాల రాళ్ళని తన వ్యాసాల్లోకి తెచ్చి, నొప్పి గురించీ చావు గురించీ ఆలోచించాడు. శామ్యూల్ పీప్స్ 1658 మార్చి 26న మత్తు లేకుండా రాయి తీయించుకుని, తర్వాత ఏటా ఆ తేదీన విందు చేసుకోవాలనుకున్నాడు. వాళ్ళ చేతిలో రాయి తత్వమైంది, పండగైంది. స్త్రీల వైపు చూస్తే ఫ్రాన్సిస్ బర్నీ కనిపిస్తుంది. 1811 సెప్టెంబర్ 30న పారిస్‌లో మత్తు లేకుండా జరిగిన రొమ్ము శస్త్రచికిత్స గురించి, నెలల తర్వాత, తన అక్కకి ఉత్తరం రాసింది. నల్లబట్టల్లో ఏడుగురు మగవాళ్ళు తన గదిలోకి రావడం దగ్గర్నుంచి అన్నీ రాసింది. గొప్ప రచన అది. కానీ అక్కడ కూడా రొమ్ము.

తెలుగులో? కొండేపూడి నిర్మల "లేబర్‌రూం" రాసింది. పాటిబండ్ల రజని "అబార్షన్ స్టేట్‌మెంట్" రాసింది. అవి లేకపోతే ఇవాళ నేనిలా మూత్రం, స్టెంట్ అని పత్రికలో రాయగలిగేదాన్ని కాదు. వాళ్ళు తెరిచిన తలుపు ఇది. 1991లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "సవాలక్ష సందేహాలు" చదివే నా తరం తన ఒంటి గురించి ప్రశ్నలు అడగడం నేర్చుకుంది. ఆ ఋణం మరిచి మాట్లాడటం లేదు. కానీ ఆ తర్వాత మనం ఏం చేశాం? తలుపు తీసిన గదిలోనే తిరుగుతున్నాం. గర్భసంచి, రొమ్ము, నెలసరి, ప్రసవం, మెనోపాజ్. స్త్రీ శరీరం అనగానే మన కవితా సంకలనాలు, మన సెమినార్ పేపర్లు, మన పీహెచ్‌డీలు వెళ్ళేది ఆ నాలుగైదు అవయవాల దగ్గరికే. నా డాక్టరు చూపు వెళ్ళిందీ అక్కడికే! ఆయన గీసుకున్న పటాన్నే మనమూ వాడుతున్నాం. ఆయన ఆ పటంతో కోస్తున్నాడు, మనం ఆ పటంతో కవిత్వం రాస్తున్నాం. ఉద్దేశాల్లో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండొచ్చు. పటం మాత్రం ఒకటే.

"కిడ్నీ రాళ్ళు మగవాళ్ళకే ఎక్కువగా వస్తాయి కదా, దీన్లో స్త్రీవాదం ఏముంది?" అని ఒక మిత్రురాలు అడిగింది. మగవాళ్ళకి ఎక్కువ అన్నది నిజం. నేను పట్టుకున్నదీ అక్కడే. కిడ్నీకి ఆడ మగ లేదు. కానీ దానికి నీళ్ళు అందడానికి ఉంది. దాని నొప్పిని నమ్మడానికి ఉంది. దాన్ని బాగుచేయడానికి సంతకం పెట్టడానికి, బాగుచేశాక పడుకోవడానికి ఉంది. గర్భసంచి ఉన్నందుకు మాత్రమే మనం అణగదొక్కబడుతున్నామంటే, ఆ గర్భసంచి తీసేసిన పక్కమంచం ఆమెకి విముక్తి వచ్చి ఉండాలి. మోకాళ్ళు, వెన్నుపూస, ఊపిరితిత్తులు, పళ్ళు... మగవాళ్ళకీ ఉన్న ఈ అవయవాలు మన ఒంట్లో ఎలా బతుకుతున్నాయో రాయకపోతే స్త్రీ శరీరంలో సగానికి పైగా మనం వైద్యుడికే వదిలేసినట్టు. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు, శ్రామిక స్త్రీలు "మీ శరీరం వేరు, మా శరీరం వేరు" అని ఎప్పటినుంచో మనతో అంటున్నది కూడా ఇలాంటిదే కదా. పనిచేసే శరీరాన్ని, దాహం వేసే శరీరాన్ని మనం తక్కువగా రాశాం.

కాబట్టి కొన్ని పనులు. ఆసుపత్రిలో మన సమ్మతి పత్రం మీద మన సంతకం చాలని గట్టిగా అడుగుదాం. మరొకరి సంతకం కావాలంటే ఏ నియమం ప్రకారమో రాసివ్వమందాం. రాసివ్వమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. నాకు ఆ రోజు ఆ మాట తోచలేదు, నొప్పిలో తోచదు. అందుకే ముందే చెప్పుకోవాలి. గర్భసంచి తీయాలని ఎవరైనా అంటే, కిడ్నీలు చూశారా అని అడుగుదాం, ఇంకో డాక్టర్ దగ్గరికి మన పనిమనిషినైనా, చెల్లెలినైనా మనమే తీసుకెళదాం. యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్ళం తాళం వేసిన బాత్రూంల గురించి స్టాఫ్ మీటింగులో నోరు విప్పుదాం. జెండర్ సెన్సిటైజేషన్ పాఠం చెప్పే భవనంలోనే అది చెప్పే మనిషి నీళ్ళు మానుకోవడం ఎంత సిగ్గుచేటు!

స్టెంట్ తీసే రోజు మత్తు లేదు, జెల్ మాత్రమే. "రెండు నిమిషాల పని" అన్నారు. సంతకానికి కాగితం ఇచ్చారు. పెట్టాను. సిస్టర్ మళ్ళీ "సార్..." అని మొదలుపెట్టింది. "సార్ పనిలో ఉన్నారు, రారు. ఆయన సంతకం కావాలని రాసివ్వండి" అన్నాను. ఆమె నా వంక చూసి, లోపలికి వెళ్ళి, వచ్చి, "రండి మేడమ్" అంది. అంతే జరిగింది. లోపలికి నడుస్తుంటే ఆమె మెల్లిగా, "మా అమ్మకి కూడా డొక్కలో నొప్పి మేడమ్, గ్యాస్ అంటున్నారు" అంది.

స్కాన్ తీయించమన్నాను. కిడ్నీలది.